చింతపండు కొట్టిన ఆదివారం

సంపాదకులు గారికి నమస్కారాలు.

సెలవు రోజును ఎలా గడపాలన్న విషయం మీద మీ ఆదివారం అనుబంధంలో ఈ మధ్య వచ్చిన రెండు పేజీల వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. వ్యాసం బాగుంది, బొమ్మలు ఇంకా బాగున్నాయి. అయితే అందులో చెప్పిన పదకొండు మార్గాల్లో ఇంటి గడప దాటకుండా జరిగేది ఒక్కటి కూడా లేదు, చేతిలో డబ్బు లేకుండా జరిగేది అసలే లేదు. ఇంట్లో ఉండిపోయేవారికి వ్యాసకర్త ఇచ్చిందల్లా, నాలుగు గోడల మధ్య కూర్చుని సెలవును వృథా చేసుకోవద్దన్న ఒక్క వాక్యపు హితవు. ఆ వాక్యం దగ్గర నేను ఆగిపోయాను, ఎందుకంటే దాన్ని చదివే సమయానికి మా ఇంట్లో నడిమింట్లో చాప పరిచి ఉంది, చాప మీద పది కిలోల చింతపండు పోసి ఉంది.

నేను ఇరవై రెండేళ్లుగా నల్లగొండ జిల్లాలోని ఉన్నత పాఠశాలల్లో గణితం చెబుతున్నాను. లెక్క చూడకుండా ఏ మాటనూ ఒప్పుకోని జబ్బు ఈ వృత్తితో పాటు వస్తుంది కాబట్టి, ఆ ఆదివారం నిజంగా వృథా అయిందా లేదా అన్నది కూడా లెక్క వేసి చూశాను. ఆ లెక్క నేను అనుకున్నట్టు రాలేదని ముందే మనవి చేస్తున్నాను.

శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటారు. చలి పోయి, ఎండ చురుక్కుమనకుండా వెచ్చగా ఉండే ఆ రెండు మూడు వారాల్లోనే మా అత్తమ్మ ఏడాదికి సరిపడా చింతపండు సిద్ధం చేసి పెడుతుంది. బజారులో గింజ తీసి, ముద్ద కట్టి అమ్మేది ఆమె కొననివ్వదు. ఊరి నుంచి పైపెంకు మాత్రమే తీసిన చింతపండు, గింజతో, ఈనెలతో సహా, సంచిలో తెప్పించి, ఒక రోజంతా మిద్దె మీద ఎండబెట్టి, మరునాడు ఇంటిల్లిపాదినీ కూర్చోబెడుతుంది. ఈసారి పక్కింటి వదిన కూడా వచ్చింది. ఈ ఆదివారం మా ఇంటి పని, వచ్చే ఆదివారం వాళ్ల ఇంటి పని, అని పనికి పని బదులు.

ఆ పని ఎలా ఉంటుందో తెలియని పాఠకులు ఈ కాలంలో చాలామందే ఉంటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. ముందు చేతులకు ఆముదం రాసుకోవాలి, లేకపోతే పులుపుకు వేళ్ల సందులు మండిపోతాయి, గోటి పక్కన చిన్న గీత ఉన్నా సాయంత్రానికి అది పుండులా సలుపుతుంది. కాయను తీసుకుని వీపు మీద నిలువునా ఉన్న ఈనెను కొస పట్టి లాగితే, మంచి కాయ అయితే మూడు ఈనెలూ కలిసి ఒక్క గుంజుకే వస్తాయి. తరువాత దాన్ని గుండ్రాయి మీద పెట్టి చిన్న కట్టెతో గింజ ఉన్న చోట తట్టాలి. తట్టడమే, కొట్టడం కాదు. గుజ్జు చీలి, లోపలి పలుచని పొరలోంచి గింజ నున్నగా, ముదురు గోధుమ రంగులో మెరుస్తూ బయటికి జారుతుంది. ఆ జారే క్షణంలో వేలికి తెలిసే మెత్తదనం ఒకటి ఉంది. దాన్ని రాతలో పెట్టడం నా వల్ల కాదు గాని, యాభై కాయలు అయ్యేసరికి చెయ్యి దానికోసమే తరువాతి కాయను వెతుక్కుంటుంది.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి మొదట్లో కట్టెను సుత్తెలా ఎత్తి కొట్టింది. అత్తమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. "గట్టిగ కొడితే గింజ పల్గుతది బిడ్డా. పల్గిన గింజ గుజ్జుల కలిస్తే పులుసు వగరైతది. ఇగురంగ కొట్టాలె."

ఇగురం అన్న ఆ మాట కోసమే ఈ ఉత్తరంలో సగం రాస్తున్నానేమో. పొదుపు అంటే మనకు బ్యాంకు గుర్తుకు వస్తుంది, మహిళా సంఘాల పుస్తకం గుర్తుకు వస్తుంది. పిసినారితనం అంటే మొహం ముడుచుకున్న మనిషి గుర్తుకు వస్తాడు. మన వైపు ఇగురం అంటే ఈ రెండూ కావు. ఉన్నదాన్ని ఎక్కడ ఎంత వాడాలో, ఏ పనికి ఎంత బలం పెట్టాలో, ఏది పారేయవచ్చో ఏది దాచాలో చేతికి తెలిసి ఉండడం ఇగురం. ఇగురంగల్ల మనిషి అని ఎవరినైనా అంటే అది మెచ్చుకోలే గాని ఎత్తిపొడుపు కాదు. అత్తవారింటికి వచ్చాక నేను ఆ మాట అనిపించుకోవడానికి ఎనిమిదేళ్లు పట్టింది, అదీ నా వెనుక, పొరుగింటివాళ్లతో అంటుండగా విన్నాను.

ఇక లెక్క. కిలో డెబ్బై రూపాయల చొప్పున పది కిలోలకు 700 రూపాయలు ఇచ్చాం. గింజ, ఈనె పోగా 6 కిలోల 100 గ్రాముల గుజ్జు తేలింది. అదే గింజ తీసినది మా బజారులో కిలో 160 చెప్పారు కాబట్టి దాని విలువ 976 రూపాయలు. మిగిలింది 276. దీనికి నలుగురం ఆడవాళ్లం మధ్యాహ్నం భోజనం వేళ తీసేస్తే ఐదున్నర గంటలు కూర్చున్నాం, అంటే మొత్తం ఇరవై రెండు గంటల పని. గంటకు పన్నెండున్నర రూపాయలు పడింది. 2025-26లో ఉపాధి హామీ పథకం కింద మన రాష్ట్రానికి నిర్ణయించిన రోజు కూలి 307 రూపాయలు, ఎనిమిది గంటలకు పంచితే గంటకు ముప్పై ఎనిమిది పైచిలుకు. మాకు గిట్టింది అందులో మూడో వంతు కూడా లేదు. ఈ సంగతి చెబితే మా వారు నవ్వి, అయితే వచ్చే ఏడాది గింజ తీసిందే కొందాం అన్నారు. లెక్క ప్రకారం ఆయన మాట సరైనదే. కాని గింజ తీసింది కొందామన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ నచ్చలేదు, అన్న ఆయనకు కూడా. చింతపండు పని డబ్బు మిగులుతుందని చేసేది కాదని నాకు అప్పుడు గాని స్పష్టంగా తెలియలేదు.

దీనికి పక్కన ఇంకొక లెక్క పెట్టక తప్పదు. అంతకు ముందు నెల రెండో శనివారం, మీ వ్యాసంలో రాసినట్టే, పిల్లలను తీసుకుని హైదరాబాదుకు వెళ్లాం. సినిమా, భోజనం, పిల్లవాడి ఆటల టికెట్లు, బస్సు, ఆటోలు, ఎందుకు కొన్నామో ఇంటికి వచ్చాక అర్థం కాని ఒక ప్లాస్టిక్ డబ్బాల జత, అన్నీ కలిపి 4,640 రూపాయలు అయ్యాయి. రానూ పోనూ ఐదు గంటలు బస్సులో గడిచాయి. పిల్లలు సంతోషించలేదని నేను అనను, సంతోషించారు. కాని నలుగురం కలిసి వెళ్లి, రోజంతా ఒకే వైపు మొహం పెట్టి కూర్చోవడమే తప్ప, ఒకరితో ఒకరం ముచ్చట పెట్టింది బస్సు కోసం ఎదురుచూసిన నలభై నిమిషాలే. చింతపండు ముందు కూర్చున్న ఐదున్నర గంటలూ నోళ్లు మూతపడలేదు. చేతులకు పని ఉండి కళ్లు కిందికి ఉన్నప్పుడు, ఎదురుగా కూర్చుంటే రాని మాటలు వస్తాయి. మా అమ్మాయి తన స్నేహితురాలితో నెల రోజులుగా మాట్లాడడం లేదన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది, అదీ ఆమె గింజలు ఏరుతూ నాయనమ్మతో చెబుతుండగా.

మధ్యాహ్నం వంట మా వారిది, మా చిన్నవాడిది. తీగ చివరి కాపు చిక్కుడుకాయ కూర, కందిపప్పు, పచ్చిపులుసు. పచ్చిపులుసు మాత్రం ఆ రోజు తీసిన కొత్త చింతపండుతోనే చేయాలని అత్తమ్మ పట్టుపట్టింది. పాత చింతపండు నల్లబడి పులుసును మబ్బు రంగుకు తెస్తుంది, కొత్తదైతే పులుసు లేత ఎరుపుగా, అడుగున ఉన్న ఉల్లిపాయ ముక్క కనిపించేంత తేటగా ఉంటుంది. పచ్చిమిర్చి పొయ్యి మంట మీదే కాల్చి, ఉప్పుతో కలిపి చేత్తో నలిపి, నువ్వుల పొడి, చిన్న బెల్లం ముక్క వేసి, పైన పోపు. ఉల్లిపాయ మా చిన్నవాడు కోశాడు, ముక్కలు ఎంత పెద్దగా ఉన్నాయో చెప్పను. ఆ రోజు ఇంటికి అయిన ఖర్చు పాలకు, కొత్తిమీరకు, అల్లానికి కలిపి 84 రూపాయలు.

మా జిల్లాలో చింతపండు గురించి రాసి ఫ్లోరైడు మాట ఎత్తకపోతే అది సగం మాటే అవుతుంది. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్న హద్దును మా బోర్లు ఎన్నో ఏళ్ల కిందటే దాటాయి, దాని గుర్తులు మా తరం పళ్ల మీద, మా పెద్దల మోకాళ్ల మీద ఉన్నాయి. ఫ్లోరైడును పటికతో, సున్నంతో తగ్గించే పద్ధతికి మా నల్లగొండ పేరే పెట్టారు, అది గర్వపడవలసిన సంగతో కాదో నాకు ఇప్పటికీ తేలదు. చింతపండు రోజూ తిన్న బాలుర మూత్రంలో ఫ్లోరైడు ఎక్కువగా బయటికి పోతున్నట్టు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గమనించి 2002లో ప్రచురించారు. పులుసు తాగితే సరిపోతుందని దీని అర్థం కాదు, మంచి నీళ్లకు పులుసు బదులు కాదు. కాని మా పిల్లలు పులుసు వద్దని మూతి తిప్పినప్పుడు వాళ్ల నాయనమ్మకు ఈ సంగతి బాగా పనికి వస్తోంది.

ఇప్పుడు మా నల్లాలో వచ్చేది కృష్ణా నీళ్లు. నాగార్జునసాగర్ వెనుక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, అక్కంపల్లి జలాశయం మీదుగా మా పానగల్లు ఉదయసముద్రం చెరువుకు చేర్చిన నీళ్లు. చేతులకు అంటిన జిగురు కడుక్కుంటూ మా అమ్మాయి నల్లా పూర్తిగా తిప్పి వదిలేస్తే అత్తమ్మ ఊరుకోలేదు. "ఈ నీళ్లకు మా అయ్య రాళ్లు మోసిండే, జర సన్నగ తిప్పు" అంది. ఆమెది పాలమూరు వైపు. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు పునాది రాయి వేసిన తరువాత, బతుకుదెరువు కోసం అక్కడికి వచ్చిన వేలాది పాలమూరు కూలీల్లో ఆమె తల్లీ తండ్రీ ఉన్నారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు. రాతి కట్టడం కాబట్టి తట్టలతో, భుజాలతో జరిగిన పని అది. చేతులు కడిగిన నీళ్లను బకెట్లోకి పట్టి కరివేపాకు చెట్టుకు పోయడం మా ఇంట్లో పర్యావరణ దినోత్సవం చూసి మొదలుపెట్టింది కాదు.

మధ్యాహ్నం పని అయ్యాక మూడున్నర కిలోల దాకా గింజలు మిగిలాయి. వాటికీ కొనేవాడు వస్తాడు, గుడ్డల మిల్లుల్లో నూలుకు గంజిగా పట్టించడానికి చింతగింజల పిండి వాడతారు. మేము రెండు గుప్పెళ్లు తీసి పెట్టుకున్నాం. మా చిన్నవాడు అటకమీది వామనగుంటల పీట దింపి, పద్నాలుగు గుంటల్లో గింజలు పంచి, నాయనమ్మతో రెండు ఆటలు ఆడాడు. రెండూ ఓడిపోయాడు. తరువాత ఫోను తీసుకుని మూలకు వెళ్లిపోయాడు. దాని గురించి నేను పెద్దగా చెప్పవలసింది ఏమీ లేదు.

సాయంత్రం అత్తమ్మ బొంత ముందు వేసుకుంది. అయిదు పాత నూలు చీరలను ఒకదాని మీద ఒకటి పరిచి, అన్నిటికంటే పైన తన పెళ్లినాటి నారాయణపేట చీర వేసి, అంచుల చుట్టూ ముందు పెద్ద కుట్లు వేసి బిగించి, అక్కడి నుంచి వరుసగా లోపలికి కుట్టుకుంటూ వస్తుంది. వరుసకు వరుసకు మధ్య చిటికెన వేలి మందం. ఆ చీర గళ్లు వెలిసిపోయాయి గాని అంచు ఎరుపు ఇంకా నిలిచి ఉంది. ఆ చీర ఎందుకు చించావని నేను అడిగితే, కట్టుకోలేను, పారేయలేను, కప్పుకుంటానని జవాబు చెప్పింది. మా అమ్మాయి నాలుగు మూరల వరుస ఒకటి కుట్టింది, మధ్యలో వంకర పోయింది. ఆ వంకరను విప్పబోతే ముసలామె విప్పనివ్వలేదు.

ఇంతవరకు రాసిన దాన్ని చదివి, ఇదంతా ఆడవాళ్ల చాకిరీకి అందమైన పేరు పెట్టడమే కదా అని ఎవరైనా అనవచ్చు. వాళ్ల అనుమానం న్యాయమైనది, నాకూ ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వాటి మీద గడిపేవారు. మూడింటికి ఒకటి. ఆ రోజు వంట, గిన్నెలు, ఊడవడం కూడా నా మీదనే పడి ఉంటే, చింతపండు ముందు నేను పాటలు పాడేదాన్ని కాదు, ఈ ఉత్తరం రాసేదాన్ని అసలే కాదు. మా వారు పొయ్యి ముందు రెండు గంటలు నిలబడి, మధ్యలో మూడుసార్లు ఉప్పు ఎక్కడుందని అడిగారు, అయినా వంట ఆయనదే. ఇంట్లో గడిపే సెలవు ఇంట్లో అందరికీ సెలవు అయినప్పుడే దాన్ని మెచ్చుకోవాలి. ఒకరికి మిద్దె మీద పత్రిక, ఇంకొకరికి వంటింట్లో పొగ అయితే, దానికంటే ఆ 4,640 రూపాయలు పోసి హైదరాబాదు బస్సు ఎక్కడమే నయం.

అలాగే ఇంట్లో ఉండగలగడం కూడా అందరికీ చేతిలో ఉన్న సంగతి కాదని నాకు తెలుసు. మా పాఠశాలలో కొందరు పిల్లల తల్లిదండ్రులు పని కోసం వేరే రాష్ట్రాలలో ఉంటారు, పిల్లలు అమ్మమ్మల దగ్గర ఉంటారు. వాళ్లకు పొదుపు గురించి చెప్పడానికి నేను ఎవరిని? నేను మాట్లాడుతున్నది నెల జీతం వచ్చే మా వంటి ఇళ్ల గురించే, ఆదివారం వచ్చేసరికి ఎక్కడికైనా వెళ్లకపోతే పిల్లల ముందు తప్పు చేసినట్టు తల దించుకునే మా గురించే.

అందువల్ల మీకు నా విన్నపం ఒకటి ఉంది. విహార స్థలాల పేజీ మానేయమని అడగడం లేదు. దానిలో పావు పేజీ ఇంటి పనులకు ఇవ్వండి, ఆ పనులు కూడా కాలాన్ని బట్టి మారుతాయి కాబట్టి మీకు విషయం కొరత రాదు. ఇప్పుడు చింతపండు, కందులు. ఎండలు ముదిరితే మిరపకాయలు, వడియాలు. మామిడికాయ దిగితే తొక్కులు. వానలకు ముందు విత్తనాలు బూడిదలో కలిపి ఆరబెట్టడం. వీటిని రాయడానికి నిపుణులు అక్కరలేదు. మీ పాఠకుల ఇళ్లలో అత్తమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు, వాళ్లు చెబితే రాసి పంపే మనవళ్లు, మనవరాళ్లు ఉన్నారు. కొలతలు మాత్రం సరిగా వేయండి. "తగినంత ఉప్పు" అని వేస్తే నా వంటి వాళ్లకు ఉపయోగం లేదు.

మొదటి ప్రశ్న నేనే పంపుతున్నాను. చింతపండును జాడీలో దాచేటప్పుడు ఉప్పు ఎప్పుడు కలపాలన్న విషయం మీద మా ఇంట్లో ఆ సాయంత్రం మొదలైన తగువు ఇంకా తెగలేదు. గింజ తీస్తున్నప్పుడే గుజ్జుకు ఉప్పు పట్టించి ముద్దలు కట్టాలని, అప్పుడే పురుగు పట్టదని పాలమూరు పక్షాన మా అత్తమ్మ అంటుంది. ముందే కలిపితే ఉప్పుకు నీరు ఊరి పండు తొందరగా నల్లబడుతుందని, జాడీలో నింపేటప్పుడు పొరకు పొరకు మధ్య చల్లితే చాలని నల్లగొండ పక్షాన పక్కింటి వదిన అంటుంది. ఇద్దరి మాటా దాటలేక మూడు కిలోలు ఒక పద్ధతిలో, మూడు కిలోలు ఇంకొక పద్ధతిలో రెండు జాడీలకు ఎత్తి, మూతికి గుడ్డ కట్టి, ఏది ఎవరిదో సుద్దముక్కతో రాసి పెట్టాను. మిగిలిన వంద గ్రాములు ఆ రోజు పులుసుకు సరిపోయింది. మీ పాఠకుల్లో అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా రాస్తే, వచ్చే శివరాత్రి దాకా ఆగకుండా మా తగువు తీరుతుంది.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయిని,
నల్లగొండ